తొమ్మిది ఖాళీ ఫోన్లు

బస్సు చక్రం పంక్చరయితే ప్రయాణికులు రెండు జాతులుగా విడిపోతారు. డ్రైవరు చుట్టూ మూగి సలహాలిచ్చేవాళ్ళు ఒక జాతి, నీడ వెతుక్కునేవాళ్ళు ఇంకో జాతి. నలభై ఏళ్ళుగా కాలు నిలవకుండా తిరుగుతున్నవాణ్ణి కాబట్టి నేనెప్పుడో రెండో జాతిలో కలిసిపోయాను. ఆ ఉదయం ఆ రోడ్డు మీద నీడంటూ ఉన్నది కల్వర్టు గోడ పక్కన మాత్రమే. అక్కడ అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు. నలభైకి ఇటో అటో ఉంటాడు. ఒళ్ళో బూట్ల అట్టపెట్టె, దాని మీద రెండు చేతులూ. రక్తం శాంపిలు పట్టుకుని ల్యాబుకి వెళ్తున్నవాడి మొహం.

నా ఎడమ బూటు ముందురోజే నోరు తెరిచింది. అడుగు వేసినప్పుడల్లా చప్పట్లు కొడుతోంది. ఆ చప్పుడుకే ఆయన తల తిప్పాడు.

"ఆ బూటు ఇంకో ఊరు దాటదు బాబాయ్ గారూ."

"నీ పెట్టెలో కొత్త జత ఉంటే ఇటియ్యి మరి," అన్నాను.

ఆయన నవ్వలేదు. మూత తీసి చూపించాడు. లోపల ఫోన్లు, కార్డుల పెట్టెలో కార్డుల్లా నిలువుగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని వీపు మీద తెల్ల పట్టీ, పట్టీ మీద అంకె. ఒకటి నుంచి తొమ్మిది దాకా. పదోది విడిగా, గుడ్డలో చుట్టి ఉంది. దాని మీద అంకె లేదు.

"దొంగసొత్తు కాదు. అన్నీ నావే."

అలా మొదలైంది. బస్సు పాడవకపోతే నేను ఇంకో మూడు గంటలు కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాణ్ణి, ఈ కథ నాకు తెలిసేది కాదు. తెలియకపోయినా నాకు పోయేదేమీ లేదు, నిజానికి. కానీ తెలిసింది.

ఆయన ఉద్యోగం లిఫ్టుల మెకానిక్కు. పదకొండు భవనాల్లో ఇరవై మూడు లిఫ్టులు ఆయన చేతిలో ఉన్నాయి. నేను తిరిగిన చోటల్లా ఇలాంటి పనులవాళ్ళతోనే నాకు స్నేహం కుదురుతుంది. లైట్‌హౌస్ అద్దాలు తుడిచేవాళ్ళు, గడియార స్తంభాలెక్కి ముళ్ళు సరిచేసేవాళ్ళు, లైబ్రరీల్లో చెదలు చూసుకునేవాళ్ళు. వీళ్ళ పని సరిగ్గా జరిగినన్నాళ్ళు వీళ్ళున్నట్టు ఎవరికీ గుర్తుండదు. లిఫ్టు ఆగిన రోజునే మెకానిక్కుకి ప్రాణం వస్తుంది. వచ్చిన మరుక్షణమే తిట్లు మొదలవుతాయి. ఆ మాటే ఆయనతో అంటే, లిఫ్టులవాళ్ళు నయమండీ, ఇరవైమూడు లిఫ్టులవాళ్ళే తిడతారు అన్నాడు. రెండో పని సంగతి అప్పుడు చెప్పాడు.

ఆ రెండో పనికి జీతం లేదు. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాడు. నాకు అర్థం కావడానికి నా ఫోనే తీసుకున్నాడు. ఇందులో ఈ ఆటల యాప్ మీరు పెట్టుకున్నారా అని అడిగాడు. లేదు, కొన్నప్పుడే ఉంది, తీసేద్దామని వేలు నొప్పెట్టేదాకా నొక్కాను, పోలేదు అన్నాను.

"అంటే మీరు ఇందులో అద్దెకుంటున్నారు. ఇల్లు మీదే, కానీ కట్టినవాడు ఒక గదికి తాళం వేసి తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నాడు. మేము చేసేది ఆ గది తెరవడం."

ఆ గది తెరిచే సాధనం పేరు మారుతాళం. దాని లోపలి రాత అంతా ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు. ఎక్కడెక్కడివాళ్ళో రాసిన ముక్కల్ని ఒకచోట చేర్చి, పని చేస్తుందో లేదో చూసి, ఒక ప్యాకెట్‌గా కట్టి, ఇది మా చేతినుంచి వచ్చిందేనని గుర్తు వేసి నెట్‌లో పెట్టడం ఈయన వంతు. అక్కడ ఆయన పేరు గొళ్ళెం. అసలు పేరు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రోడ్డు మీద పరిచయాలకు అంతకంటే పెద్ద పేరు అక్కర్లేదు. మాట మాటకీ 'మేము' అంటాడు. ఎంతమంది మీరు అని అడిగాను. ఒకప్పుడు పద్దెనిమిది మందిమి అన్నాడు. ఇప్పుడో అంటే, వేళ్ళు మడవడానికి చెయ్యి ఎత్తి, దించేశాడు.

ఏటా ఫోన్లవాళ్ళు తాళం మారుస్తారు. మారినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచి పని. ఈమధ్య కొత్త రకం ఫోన్లలో అసలు ఆ గదికి తలుపే పెట్టడం లేదట, గోడ కట్టేస్తున్నారట. అంటే ఈయన సాధనం పనిచేసే ఫోన్లు లోకంలో రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఇంకో నాలుగైదేళ్ళకి నా తాళానికి తలుపులుండవు అన్నాడు, రేపు వాన పడొచ్చు అన్నంత మామూలుగా.

"ఇంట్లో ఏమంటారు?"

"మా మామగారు ఎవరొచ్చినా చెప్తారు. 'మా అల్లుడు లోకమంతా తాళాలు తీస్తాడు, మా బాత్రూం గడియ మాత్రం ఏడాదిగా బిగించడు' అని."

"బిగించావా?"

"లేదండీ. లోపల కూర్చున్నవాళ్ళు పాట పాడాలి."

ఈసారి ఒక మేస్త్రి కోసం బయల్దేరేముందు భార్య ఒక్కటే అడిగిందట, ఆ మేస్త్రి మనకేమవుతాడని. ఏమీ కాడు అన్నాడట. ఏమీ కానివాళ్ళ కోసమే మీ సెలవులన్నీ అని ఆవిడ టిఫిన్ డబ్బా చేతికిచ్చిందట.

అప్పుడు ఆ మేస్త్రి సంగతి చెప్పాడు.

ఈ బస్సు వెళ్ళే ఊళ్ళో ఒక బూట్ల మేస్త్రి ఉన్నాడు. అందరి బూట్లూ కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళవి, పాదం లోపలికి తిరిగినవాళ్ళవి, వేళ్ళు పోయినవాళ్ళవి. అలాంటి పాదాలకు ఆయన చెక్క అచ్చు మీద తోలు ముక్కలు కొట్టి, ఆ మనిషి పాదం ఆకారానికి పెంచి, దాని మీద బూటు కడతాడు. కట్టాక ముక్కలు ఊడబీకి అదే అచ్చు ఇంకొకరికి వాడతాడు. అందువల్ల అచ్చుల్లో ఏమీ మిగలదు. ఉన్నదంతా కొలతల్లోనే ఉంటుంది. పాత కొలతల పుస్తకాలు కప్పు కారి బూజుపట్టి ముద్దయిపోతే, మిగిలినవాటిని కూతురు ఆయన ఫోన్‌లోకి ఎక్కించింది. అప్పటినుంచి ప్రతి పాదాన్నీ గళ్ళ కాయితం మీద నిలబెట్టి పైనుంచి ఒకటి, పక్కనుంచి రెండు ఫోటోలు, కింద కొలతలు. ఫోన్‌లోకి ఎక్కాక కాయితాలు దాచలేదు. అలా నాలుగు వందల పన్నెండు పాదాలు. ఫోను నిండిపోయింది. తీసేద్దామంటే కంపెనీవాళ్ళ పనికిరాని యాప్‌లు పోవు. అందుకే ఆ అమ్మాయి మారుతాళం వేసింది, వాటిని తీసేసి చోటు చేసుకుంది. రెండేళ్ళు బాగానే నడిచింది.

మూడు వారాల కింద గొళ్ళెం కొత్త ప్యాకెట్ పెట్టాడు. మర్నాడు అది ఎక్కించగానే మేస్త్రి ఫోను కంపెనీ బొమ్మ చూపించడం, ఆరిపోవడం, మళ్ళీ బొమ్మ చూపించడం. అంతే, లోపలికి రానివ్వదు.

"తప్పు నాదే," అన్నాడు. "ప్యాకెట్ కట్టేముందు పరీక్ష కోసం ఒక చిట్టా పెడతాను. ఫోను లేచేటప్పుడు ఏం జరుగుతోందో అది రాసుకుంటూ పోతుంది. కట్టేటప్పుడు తీసేయాలి. తీయలేదు."

"ఈ తొమ్మిదింటి మీదా పరీక్షించావు కదా?"

"అన్నిటి మీదా బ్రహ్మాండంగా నడిచింది. ఇవన్నీ ఖాళీవండీ. చిట్టా రాసుకోడానికి కావలసినంత చోటు. నిండిపోయిన ఫోన్‌లో రాయడానికి చోటు దొరక్క అక్కడే కూలబడిపోతుంది. తొమ్మిదేళ్ళలో ఒక్క నిండిన ఫోను మీద కూడా పరీక్షించలేదు నేను."

చక్రం బిగించడం అయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సులో ఆయన పక్కనే చోటు సంపాదించాను.

ఆ ప్యాకెట్ వల్ల దెబ్బతిన్నవాళ్ళు వందల్లో ఉన్నారు. వాళ్ళు రాసిన తిట్లు కొన్ని ఆయన నాకు చదివి వినిపించాడు. నేను చాలా భాషల్లో తిట్లు విన్నవాణ్ణి, అందులో రెండు మూడు నాకూ కొత్త. మేస్త్రి కూతురు మాత్రం తిట్టలేదు. మూడు వాక్యాలు రాసింది. మా నాన్న పనంతా అందులో ఉంది. మేమేదో తప్పు చేసినట్టున్నాం. ఎలా సరిచేసుకోవాలో చెప్పగలరా. అంతే. తప్పు తమదేమో అనుకుంది. పైగా ఇన్నేళ్ళలో బస్సెక్కితే చేరుకోగల ఊరినుంచి వచ్చిన మొదటి ఫిర్యాదు అది. రెండు మూడు ఉత్తరాల్లో మిగతా వివరాలన్నీ కనుక్కుని, గురువారం నేనే వస్తున్నాను అని రాశాడు.

గుడ్డ విప్పి పదో ఫోను చూపించాడు. మేస్త్రిది ఏ రకమో సరిగ్గా అదే. నాలుగు రిపేరు షాపులు తిరిగి సంపాదించాడు. దాన్ని నిండా నింపి, అదే జబ్బు తెప్పించి, కేబుల్ పెట్టి ఆ ఒక్క ఫైలూ బయటినుంచి తీసేసే పద్ధతి కనిపెట్టాడు. ఈ వారంలో నాలుగుసార్లు జబ్బు తెప్పించాడు, నాలుగుసార్లూ నయం చేశాడు. మూడు నిమిషాల పని. లోపల ఉన్నవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"దేంతో నింపావు?"

కాస్త సిగ్గుపడ్డాడు. తెర వెలిగించి చూపించాడు. అన్నీ ఆయన పాదాలే. పైనుంచి, పక్కనుంచి, బాత్రూం గచ్చు మీద, చాప మీద, వేల కొద్దీ. వాటిల్లో ఒకదాంట్లో ఇంకో చిన్న పాదం కూడా ఉంది, గోరింట రంగు గోళ్ళతో. మా ఆవిడది, పిచ్చిపట్టిందా అని చూడ్డానికొచ్చింది అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం నవ్వాడు.

నీకు ఇన్ని ఉత్తరాలొస్తాయి కదా, ఎలా జవాబిస్తావని అడిగాను. గుమాస్తా ఉన్నాడండీ అన్నాడు. మనిషి కాదు. ఐదేళ్ళ కింద ఈయనే రాసి పెట్టిన చిన్న ప్రోగ్రాము. ఎవరు ఫిర్యాదు రాసినా సహాయం పేజీలోని ఏడు మెట్లూ చేసి చూశారా అని అదే జవాబు పంపుతుంది. కొన్నాళ్ళాగి మళ్ళీ గుర్తుచేస్తుంది. జవాబు రాకపోతే ఫిర్యాదు మూసేస్తుంది. ఇలాంటివాళ్ళందరూ ఇలాంటి గుమాస్తాను పెట్టుకుంటారట, లేకపోతే బతకలేరట. వాడు రాకముందు నేను అన్నం తింటూ జవాబులు రాసేవాణ్ణి అన్నాడు. నాకు ముచ్చటేసింది. నాకూ అలాంటివాడొకడుంటే సగం బంధువులకు సమాధానం చెప్పే బాధ తప్పేదన్నాను. ఇద్దరం గుమాస్తాను మెచ్చుకుంటూ ఊరు చేరాం.

నేను దిగవలసింది అక్కడ కాదు. కానీ చప్పట్లు కొట్టే బూటుతో, బూట్ల మేస్త్రి ఇంటికి వెళ్తున్నవాణ్ణి వదిలి ముందుకెళ్ళడం తెలివితక్కువ అనిపించింది. దానికి తోడు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న ఎడమ మడమ ఒకటి ఉంది నాకు. ఇవి సాకులు. ఆ మూడు నిమిషాలు చూద్దామని ఆశపడ్డాను, అదీ అసలు సంగతి. లోకంలో ఒక పాడైన వస్తువు బాగవడం కళ్ళారా చూసి చాలా రోజులైంది.

దుకాణం ఒక మేడ కింది గది. గోడకు వరసలు వరసలుగా చెక్క అచ్చులు, మేకులకు తగిలించి. జిగురు వాసన, తోలు వాసన. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద మూతి వంగిన కత్తి. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, ఒళ్ళో తోలు గుడ్డ. కూతురు కుట్టుమిషను దగ్గర ఉంది. మమ్మల్ని చూడగానే లేచి కుర్చీలు తుడిచింది.

"అన్నయ్యా, మీరేనా? అయ్యో, ఇంత దూరం మిమ్మల్ని శ్రమపెట్టాం."

మేస్త్రి మొహం వెలిగిపోతోంది. కూర్చోండి బాబూ కూర్చోండి అంటూ బల్ల సొరుగు లాగాడు.

"మీరు వచ్చిన వేళ మంచిది. పొద్దున్నే లేచి కూర్చుంది మా ఫోను. ఇదిగో."

గొళ్ళెం అట్టపెట్టె కింద పెట్టలేదు. అలాగే చంకలో పెట్టుకుని ఇంకో చేత్తో ఫోను అందుకున్నాడు. తెర ధగధగా వెలుగుతోంది. మీ భాష ఎంచుకోండి అని అడుగుతోంది. నాకేమీ తెలియదు కాబట్టి నేను సంతోషించాను.

"ఎలా లేచిందమ్మా?" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు.

"మీ పేజీలో ఉన్నదే అన్నయ్యా. ఆరు మెట్లు అప్పుడే చేశాను, అవలేదు. ఏడోది చేయడానికి భయమేసి ఆగాను. మీరు వస్తానన్నారుగా. నిన్న మీ ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది, ఏడు మెట్లూ పూర్తి చేసినట్టు మీరు తెలపలేదు, తెలపకపోతే ఫిర్యాదు మూసేస్తాం అని. మూసేస్తే మీరు రారేమోనని..."

"ఆఫీసు లేదమ్మా."

"మరి ఆ ఉత్తరం?"

ఆయన నా వైపు చూశాడు. గుమాస్తాను అరగంట కిందటి దాకా కలిసి మెచ్చుకున్నవాళ్ళం మేమిద్దరమే కదా.

ఏడో మెట్టు ఏమిటో తరవాత ఆ అమ్మాయి ఫోన్‌లో నేనూ చదివాను. పాత మార్పులన్నీ చెరిపి కొత్తగా మొదలుపెట్టండి. అంతే ఉంది. మీ ఫోటోలూ పోతాయి అన్న మాట లేదు. ఆ అమ్మాయి మార్పులంటే మారుతాళం చేసిన మార్పులనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. రాసినవాడి దగ్గర తొమ్మిది ఫోన్లున్నాయి, వాటిల్లో ఎవరి ఫోటోలూ లేవు, చెరిపేస్తే ఏం పోతుందో ఆయనకు తోచే అవకాశమే లేకపోయింది.

మేస్త్రి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "బొమ్మలు పైకి కనబడ్డం లేదు. లోపలెక్కడో అడుగున పడుంటాయి. మీరొచ్చి తీస్తారని చెప్తోంది మా అమ్మాయి. అవును కదా బాబూ?"

నేను జీవితంలో చాలామంది నీళ్ళు నమలడం చూశాను. ఈయన నమలలేదు.

"లేవండీ."

"అంటే, ఇప్పుడు కనబడవా?"

"ఇక ఉండవు. ఫోను లోపలున్నవన్నీ తాళం వేసి ఉంచుతుంది. ఏడో మెట్టు ఆ తాళంచెవిని నాశనం చేస్తుంది. ముక్కలు ఎక్కడున్నా ఎవరూ చదవలేరు. నేనూ చదవలేను. తయారుచేసినవాడూ చదవలేడు."

కుట్టుమిషను దగ్గర కూతురు చెయ్యి నోటికి పోయింది. మేస్త్రి గోడ వైపు తిరిగాడు. అచ్చులన్నిటినీ ఒక వరస చూశాడు. ఏ అచ్చు మీదా ఏ ముక్కా లేదు. నున్నగా, ఒకేలా ఉన్నాయి. ఎవరితోనో అన్నట్టు, పాలవాడి కూతురు పాదం ఆరు నెలలకోసారి తీస్తున్నాం అన్నాడు. ఎంత తిరిగిందో పాతది పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది అన్నాడు. తరవాత ఇంకో ఇద్దరి పేర్లు చెప్పాడు. వాళ్ళు మంచం దిగరట, ఇప్పుడు నిలబెట్టి కొలవడం కుదరదట.

"మీరింకో పూట ముందొస్తే," అన్నాడు. కోపంగా కాదు, కేవలం లెక్క తెలుసుకుందామన్నట్టు, "ఎంతసేపట్లో అయ్యేది?"

"మూడు నిమిషాలు."

నేనైతే అబద్ధం చెప్పేవాణ్ణి. అప్పుడూ కుదిరేది కాదేమో అనేవాణ్ణి. అనాలని గట్టిగా అనిపించింది కూడా. కానీ ప్యాకెట్‌లో ఏముందో తొమ్మిదేళ్ళు ఉన్నదున్నట్టు రాసిపెట్టే అలవాటైన మనిషి ఆయన.

మేస్త్రి తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"ఎంత దూరం నుంచి వచ్చారు బాబూ?"

"నాలుగు గంటలు."

"తిన్నారా?"

తిట్టినవాళ్ళందరికీ గుమాస్తా జవాబుంది. దీనికి లేదు. గొళ్ళెం పెట్టెను ఇంకో చంకకి మార్చుకున్నాడు. ఆ అమ్మాయి ఏడుస్తూనే మంచినీళ్ళు తెచ్చింది. తప్పు నాదే నాన్నా అంది. కాదమ్మా అన్నాడు ఈయన. నాదే అన్నయ్యా అంది మళ్ళీ. ఎవరి తప్పో తేల్చుకోడానికి అంత మర్యాదగా పోట్లాడుకోవడం నేను ఎక్కడా వినలేదు.

ఆయన గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నాడు. తన ఫోను తీసి ఏదో చేయడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళి తొంగి చూశాను. సహాయం పేజీ. ఏడో మెట్టు చెరిపేశాడు. దాని చోట 'ఇక్కడ ఆగండి, నాకు రాయండి' అని రాశాడు. కాసేపు చూసి రెండో మాట కొట్టేశాడు. 'ఇక్కడ ఆగండి' అని ఉంచాడు. తరవాత అదీ తీసేశాడు. ఏడు అన్న అంకె ఒక్కటే మిగిలింది, పక్కన ఏమీ లేకుండా.

"గుమాస్తాను తీసేయవచ్చు కదా," అన్నాను.

"తీసేస్తే ఆ ఉత్తరాలు ఎవరు చదువుతారండీ?"

ఓదార్పు మాటలు నా సంచీలో చాలా ఉంటాయి, అన్ని దేశాలవీ. ఒకటీ తీయబుద్ధి కాలేదు. లోపలినుంచి మేస్త్రి పిలిచాడు. అన్నా, మీ ఎడమ కాలు వంకరుంది, ఇలా వచ్చి కూర్చోండి అన్నాడు. వద్దనడం క్రూరమనిపించి వెళ్ళాను. గళ్ళ కాయితం పరిచి దాని మీద నా పాదం పెట్టించాడు. పెన్సిలు నిలువుగా పట్టుకుని మడమ దగ్గర మొదలుపెట్టాడు. కూతురు ఫోను పట్టుకుని నిలబడింది. భాష ఎంచుకుంది, తారీఖు పెట్టింది, ఫోటో తీసింది. ఆ ఫోన్‌లో మొదటి పాదం నాదే అయింది.

"కదలకండి," అన్నాడు మేస్త్రి.

తెరిచిన తలుపులోంచి మెట్టు కనబడుతోంది. గొళ్ళెం లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు. గుడ్డలో చుట్టిన పదో ఫోను తీసి, మెట్టు మీద పెట్టబోయి, మళ్ళీ పెట్టెలోనే పెట్టుకున్నాడు. మూత బిగించాడు. లోపలికి చూస్తాడనుకున్నాను.

నా చీలమండ మేస్త్రి అరచేతిలో ఉంది. పెన్సిలు నా బొటనవేలు చుట్టూ తిరుగుతోంది. పిలుద్దామంటే ఏ పేరుతో పిలవాలో తెలియలేదు. ఆయన పెట్టె చంకలో పెట్టుకుని రోడ్డు దాటాడు. బస్సులు ఆగే చోట ఆగకుండా, దాన్ని కూడా దాటి, ఇంటిదారికి ఎదురు దిక్కుగా నడుచుకుంటూ పోయాడు.